ఇరవై ఏడో సారి

పేరి నరహరి గారు పోర్టులో టాలీ క్లర్కు.
దిగిన బస్తా, ఎక్కిన బస్తా,
నిలువు గీతలు నాలుగు, అడ్డంగా ఒకటి.
లెక్కరాసేవాడికి
ఏది అక్కర్లేదో ముందు తెలుస్తుందనేవాడు.

ఆదివారం పొద్దున్న పదింటికి
డాబా గార్డెన్స్ వెనక, ట్యుటోరియల్ కాలేజీ మేడమీద
కిటికీలకి నల్ల దుప్పట్లు కడితే
అదే మా ఫిలిం సొసైటీ.
పూనా నుంచి రైల్లో రేకు డబ్బాలొచ్చేవి.
ప్రొజెక్టరు తిప్పేది నేను.

ఆ వారం ఫ్రెంచి బొమ్మ.
ముప్పై ఇద్దరం కూర్చున్నాం,
రెండో రీలుకి పదకొండు మందిమి.
తెరమీద ఒక తలుపు.
మనిషి వెళ్ళిపోయాక కూడా తలుపే.
"ఆపరేటర్! బొమ్మ ఇరుక్కుపోయిందయ్యా!"
ఇరుక్కోలేదు.
గొళ్ళెం ఇంకా ఊగుతోంది.

రీలు మార్చే చీకట్లో కూడా
నరహరి గారు తెర వంకే చూస్తున్నాడు.

తర్వాత టీ కొట్టు దగ్గర చెప్పాడు ఆ ముసలాయన సంగతి.
నలభై ఏళ్ళలో తీసినవి వేళ్ళకి సరిపోతాయి.
నటులంటే గిట్టదు.
వీధిలో పోయేవాణ్ణి పిలిచి
అదే మెట్టు యాభై సార్లు ఎక్కించేవాడట,
కాళ్ళు ఆలోచించడం మానేసేదాకా.
ముందు సంగీతం తీసేశాడు,
తర్వాత ఏడుపు తీసేశాడు,
ఆఖరికి డబ్బు పెట్టేవాళ్ళే
ఆయన్ని తీసేశారు.
చెప్పి, గ్లాసు బోర్లించి, చాలాసేపు నవ్వాడు.
టీ డబ్బులు నేనిచ్చాను.

ఆ ఏడు బోనసు అద్దె కెమెరాకి పోయింది.
పెదజాలారిపేట. తెల్లారి అయిదు.
ఎండు నెత్తళ్ళమ్మే మైలపిల్లి కొర్లమ్మ
కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టాలి, అంతే.
"నటించకమ్మా. మొహంలో ఏమీ పెట్టకు."
"ఏటీ పెట్టకపోతే మరేటి తీత్తావు బాబూ?"
"చేతులు."

ఫిలిం ఖరీదని
ఇరవై ఆరుసార్లు ఉత్తి కెమెరా ముందే లెక్కపెట్టించాడు.
నా చేతిలో టేపు రికార్డరు.
అలలు వద్దు, అవి అందరికీ తెలుసు, అన్నాడు.
పావలా మీద పావలా పడే చప్పుడు కావాలి.
ఇరవై ఏడో సారి
కెమెరా గర్రుమంది.
ఆమె చూపుడువేలు ఒకచోట ఆగింది,
మళ్ళీ కదిలింది.
నరహరి గారు కట్ చెప్పడం మర్చిపోయాడు.

మద్రాసు లాబొరేటరీకని దాచిన డబ్బులు
కేజీహెచ్‌లో కాలికి రాడ్డు వేయించుకోడానికి అయిపోయాయి.
డబ్బా ఫ్రిజ్‌లో చేరింది, ఇడ్లీపిండి పక్కన.
వచ్చే జీతానికి, వచ్చే బోనసుకి.
ఫ్రెంచి ముసలాయన పోయాడని
పేపర్లో టెండర్ ప్రకటనల కింద నాలుగు లైన్లు వస్తే
కత్తిరించి డబ్బాకి అంటించాడు.
తర్వాత ఆయనా పోయాడు. డబ్బా నాకొచ్చింది.
హుద్‌హుద్ తొమ్మిది రోజులు కరెంటు మింగినప్పుడు
దానికి చెమటలు పట్టాయి, తువ్వాలుతో తుడిచాను.
తెరిచి చూడలేదు. తెరిస్తే వెలుతురు తినేస్తుంది.

పోయిన నెల హార్బరులో కొర్లమ్మ కనిపించింది.
చత్వారం కళ్ళద్దాలు, ఒక కాడకి దారం.
"ఆ బొమ్మ వొచ్చిందేటి?"
రాలేదన్నాను.
నెత్తళ్ళు దోసిట్లోకి తీసి, సగం మళ్ళీ గంపలో వేసి
తనే చెప్పింది:
"ఆయేళకి మా ఆయన బోటు రాక మూడోనాడు బాబూ.
మొకంలో ఏటీ పెట్టొద్దన్నాడు కదా,
నానేటీ పెట్టనేదు."

నాకు మాట రాలేదు.
"నాలుగోనాడొచ్చీసినాడులే,
ఇంజను సెడి కళింగపట్నం కాడ తేలినాడు."

కాగితంలో పొట్లం కట్టింది.
వంద ఇచ్చాను.
తలెత్తకుండా
కొంగు ముడి విప్పింది.